తాల్‌బగీచాలో మూడు మట్టి దిబ్బలు

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగినవారిని మొదట ఆశ్చర్యపరచేది ప్లాట్‌ఫారం పొడవు. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొంది, 2013లో ఆ ఘనతను గోరఖ్‌పూర్‌కు అప్పగించినది. మనవంటి వారిని అంతకంటె ఆశ్చర్యపరచేది అక్కడ వినవచ్చే తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి పనుల కొరకు వెళ్ళినవారి సంతతి నేటికీ ఆ ఊరిలో ఉన్నది. మా అల్లుడు అటువంటి కుటుంబములోని మూడవ తరంవాడు. ఉక్కునగరంలో పెరిగిన మా అమ్మాయి అట్లా తాల్‌బగీచా చేరినది.

బెంగాలీలో తాల్ అనగా తాడి. మన మాటలో చెప్పుకొంటే ఆ పేట పేరు తాటితోపు. ఐ.ఐ.టి.కి సమీపమున ఉన్న ఈ ప్రాంతంలో దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి వచ్చిన కుటుంబాలు స్థిరపడినవి. కాళ్ళకు అంటుకొనే ఎర్రకంకర నేల, చిన్న చిన్న చెరువులు, వాకిళ్ళలో అరటిచెట్లు. జనవరి నెలలో వెళ్ళినందువలన ఖర్జూరపు బెల్లం వాసన కూడ మాకు దక్కినది.

అయితే ఈ వ్యాసం బెల్లం గురించి కాదు. ఇంటికి నాలుగు అడుగుల దూరంలోని ఖాళీస్థలంలో మా అల్లుడు మట్టితో కట్టిన మూడు దిబ్బల గురించి. ఒక్కొక్కటి నా మోకాలి ఎత్తు. అయిదేళ్ళ మనవడికి బి.ఎం.ఎక్స్. పందెం నేర్పడానికి అవి కట్టినాడట.

ఈ క్రీడ 1970 దశకం మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టినది. మట్టిబాటలపై మోటారుసైకిళ్ళ పందేలు చూచిన పిల్లలు తమ చిన్న సైకిళ్ళతో వాటిని అనుకరించారు. 20 అంగుళాల చక్రాలు, ఒకే గేరు. ఎనమండుగురు ఒక వాలుపై గేటు వద్ద నిలుస్తారు. గేటు పడగానే దూకుతారు. బాట సుమారు 300 నుండి 400 మీటర్లు, అనగా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారంలో మూడవ వంతు. నిమిషం లోపలే అంతా ముగిసిపోతుంది. పిల్లల ఆట అని పెద్దలు నవ్విన ఈ పందెం 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో చేరినది. పురుషులలో మొదటి స్వర్ణం లాట్వియా దేశస్థుడు మారిస్ స్ట్రోంబర్గ్స్‌ది.

తాల్‌బగీచాలో గేటు అనగా ఒక పాత చెక్కపలక. పందెగాళ్ళు నలుగురు. ప్రేక్షకులు నేను, మా అమ్మాయి, గోడవతల నుండి చూచే ఒక బెంగాలీ అమ్మమ్మ.

నేర్పే పద్ధతి నాకు కొత్తగా తోచినది. మొదట పెడళ్ళు విప్పి, సీటు పూర్తిగా దించి, రెండు పాదాలూ నేలకు ఆనేటట్లు చేసినారు. పిల్లవాడు కాళ్ళతో నెట్టుకొంటూ కొన్ని వారాలు తిరిగి, తూకం తెలిసిన తరువాతనే పెడళ్ళు బిగించారు. దిబ్బ మీదికి వెళ్ళేటప్పుడు కూర్చొనరాదు. పెడళ్ళు సమంగా ఉంచి నిలబడి, మోకాళ్ళు, మోచేతులు వంచాలి. ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేసి, దిగేటప్పుడు అదిమితే బండి దానంతట అదే వేగం పుంజుకొంటుంది. మా కాలంలో అద్దె సైకిలు నడిమి కడ్డీ క్రింది నుండి కాలు దూర్చి తొక్కిన నాకు ఇదంతా సర్కసువలె కనబడినది.

నాకు ఇష్టం లేదనే చెప్పాను. కారణం ఉన్నది. మా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు మన టౌన్‌షిప్ రోడ్డుపై సైకిలు మీద నుండి పడి, గడ్డానికి రెండు కుట్లు పడినవి. మరునాడే ఆ సైకిలును ఒక మిత్రునికి ఇచ్చివేశాను. ఆమె ఏడ్చినది, రెండు రోజుల తరువాత మానినది. మరల ఎన్నడూ సైకిలు అడగలేదు. నేను దానిని నా మంచి నిర్ణయాలలో ఒకటిగా లెక్కించుకొంటూ వచ్చాను.

ఆదివారం ఉదయం పలక పట్టుకొన్న పిల్లవాడు "ఎక్, దుయ్, తిన్" అన్నాడు. పలక పడినది. మావాడు మొదటి దిబ్బ దాటి, రెండవ దిబ్బపై చేతులు బిగబట్టి, ముందు చక్రం వంకరపోయి పడినాడు. శిరస్త్రాణం నేలకు తగిలిన చప్పుడు నాకు వినబడినది. నేను పరుగెత్తబోయాను.

"నాన్నా, మీరు ఆగండి" అన్నది మా అమ్మాయి. ఆమె గొంతు పెద్దది కాలేదు. నేను ఆగిపోయాను. ఆమె నెమ్మదిగా వెళ్ళి, వాడి పక్కన కూర్చొన్నది. పాత మేజోళ్ళు కత్తిరించి తాను తొడిగిన మోచేతి తొడుగు చిరిగి, కొద్దిగా రక్తం. సీసాలోని నీళ్ళతో కడిగినది. "ఇంటికి వెళదామా?" అన్నది. వాడు చాలాసేపు ఆలోచించాడు. అంతసేపూ ఆమె ఏమీ అనలేదు, సైకిలును లేపలేదు కూడ. చివరకు వాడే లేపుకొన్నాడు. రెండవ దిబ్బను నడిపించి దాటించాడు. మూడవదానిని తొక్కి దాటాడు. మిగిలిన ముగ్గురూ అప్పటికే గమ్యం చేరి జామకాయలు తింటున్నారు.

తిరుగు ప్రయాణపు ముందటి సాయంత్రం దిబ్బల దగ్గర మేమిద్దరమే ఉన్నాము. ఆమె గడ్డం కింద ఆ గుర్తు ఇప్పటికీ సన్నగా కనబడుతుంది. "ఆ సైకిలు ఇచ్చివేయకుండా ఉండవలసింది" అన్నాను. ఆమె ఏమీ జవాబు చెప్పక కొంతసేపు కాలితో మట్టి సర్దినది.

"వాడు నాకు నేర్పుతానన్నాడు నాన్నా. ముందు పెడళ్ళు విప్పాలట" అన్నది.