పసిడి కంకణం

చిన్నయసూరి రచించిన నీతిచంద్రికలో ఒక ముసలి పులి కథ ఉంది. వేటాడే శక్తి ఉడిగిన ఆ పులి చెరువు గట్టున కూర్చొని, బంగారు కంకణం చూపుతూ, దానం పుచ్చుకొమ్మని దారిన పోయేవారిని పిలుస్తుంది. బాటసారి వెంటనే నమ్మడు. క్రూరమృగాన్ని ఎట్లా విశ్వసించాలని అడుగుతాడు కూడా. పులి తన పశ్చాత్తాపాన్నీ, ధర్మచింతననూ వివరించి, చివర ఒక చిన్న నియమం పెడుతుంది: దానం పుచ్చుకునే ముందు చెరువులో స్నానం చేసి రావాలి. ఆ చెరువులోని బురదే దాని అసలు ఆయుధం. పులి అతడిని తరిమి పట్టుకోలేదు. అతడే తన కాళ్లతో నడిచి వెళ్లి దిగబడ్డాడు.

ఈ స్నాన నియమాన్ని గుర్తుంచుకుంటే, నేటి అంతర్జాల క్రీడల చుట్టూ అల్లుకున్న ఒక వంచన సులభంగా బోధపడుతుంది.

ఉచితంగా లభించే ఆటలు నిజానికి పూర్తిగా ఉచితం కావు. ఆడటానికి రుసుము ఉండదు. కాని ఆటలోని వీరుడికి మంచి దుస్తులు, మెరిసే ఆయుధాలు కావాలంటే నాణేలో, వజ్రాలో కొనాలి. ఫోర్ట్‌నైట్‌లో వాటిని వీ-బక్స్ అంటారు, రోబ్లాక్స్‌లో రోబక్స్ అంటారు, బీజీఎంఐలో యూసీ అంటారు. తోటివాడి వేషం తళతళలాడుతుంటే తన వేషం వెలవెలబోవడం పదహారేళ్ల వయసులో చిన్న బాధ కాదు. ఆ బాధను ఆటల సంస్థలే ఎంతో నేర్పుతో పెంచి పోషిస్తున్నాయి. రోజూ ఆడితే రోజుకొక కానుక, ప్రకటన చూస్తే ఇంకొక కానుక! ఊరకే వచ్చేదానికి చేయి చాచడం మొదట నేర్పినవి ఆ సంస్థలే గనుక, వంచకుల పాపంలో వాటికీ కొంత పాలు ఉన్నదనాలి.

రాత్రి భోజనాలయ్యాక తండ్రి ఫోను చేతికి దొరికిన ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని ఊహించవచ్చు. ఏదో వీడియో కింద ఒక లంకె కనిపిస్తుంది: పదివేల వజ్రాలు ఉచితం. తెరిస్తే ఆ పేజీ ఆటలోని పేరు మాత్రమే అడుగుతుంది. పాస్‌వర్డ్ అడగలేదు గనుక ప్రమాదమేమీ లేదనుకుంటాడు. పేరు రాయగానే అంకెలు గిరగిరా తిరుగుతాయి: వంద, వేయి, పదివేలు. పక్కన, వజ్రాలు అందుకున్నవారివంటూ పేర్లు వరుసగా కదులుతుంటాయి. అవన్నీ ముందుగా రాసిపెట్టిన బొమ్మలాట. చివరకు స్నాన నియమం రానే వస్తుంది: యంత్రం కాదు, మనిషివేనని రుజువు కావాలంటే ఈ రెండు యాప్‌లను దించుకోవాలి.

ఒక్క విషయం తెలిసి ఉంటే అతడి వేలు అక్కడే ఆగిపోయేది. వజ్రాల లెక్క ఆ ఫోనులో లేదు. అది ఆట సంస్థవారి సర్వర్లలో ఉంటుంది. తెర మీద కనిపించేది దానికి నకలు మాత్రమే. పాసుపుస్తకంలో అంకె దిద్దినంత మాత్రాన బ్యాంకులో సొమ్ము పెరగదు కదా! పదిమందితో కలిసి ఆడే ఆటలన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి. (ఒంటరిగా ఆడుకునే కొన్ని చిన్న ఆటలు లెక్కను ఫోనులోనే దాచుకుంటాయి, వాటి సంగతి వేరు.) సంస్థ ఇవ్వదలచుకుంటే ఆటలోనే ఇస్తుంది, లేదా తన సొంత వెబ్‌సైటులో ఒక కోడ్ ద్వారా ఇస్తుంది. మరెవరూ ఇవ్వలేరు. పులి చేతిలో ఉన్నది కనీసం నిజమైన కంకణం. వీరి చేతిలో అది కూడా లేదు.

దించుకున్న యాప్‌లలో కొన్నిటివల్ల వంచకుడికి దళారీ సొమ్ము ముట్టడం తప్ప వేరే నష్టం ఉండకపోవచ్చు. మరికొన్ని అంత సాధువులు కావు. అవి ప్లే స్టోర్ నుంచి రావు. బయటి నుంచి వచ్చే యాప్‌లను అనుమతించేట్లు ఫోను సెట్టింగులను మార్పిస్తాయి. తరువాత యాక్సెసిబిలిటీ అనే అనుమతి అడుగుతాయి. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించడానికి, చేతులు స్వాధీనంలో లేనివారి బదులు మీటలు నొక్కడానికి ఏర్పరచిన సదుపాయమది. దానిని పొందిన దుష్ట ప్రోగ్రాము తెర మీద ఉన్నదంతా చదవగలదు, యజమాని బదులు తానే మీటలు నొక్కగలదు, తనను తొలగించబోతే అడ్డుపడగలదు. సందేశాలు చదివే అనుమతి కూడా చిక్కితే, బ్యాంకు పంపే ఓటీపీ ఆ తండ్రి కంటే ముందు దానికే తెలుస్తుంది. ఆ ఫోనుతో ముడిపడి ఉన్నది ధాన్యం అమ్మిన సొమ్ము, అక్క ఫీజుకు దాచిన మొత్తం. నిస్సహాయుల కోసం దయతో కట్టిన మెట్ల మీదుగా దొంగ ఎక్కి రావడం ఈ విద్యలో అతి నీచమైన భాగం.

కంప్యూటర్ల మీద ఈ వంచన మరొక రూపంలో సాగింది. 2018లో, ఆటలను అంతర్జాలం ద్వారా ప్రసారం చేసే రెయిన్‌వే అనే సంస్థకు తన వినియోగదారుల కంప్యూటర్ల నుంచి లక్షల కొద్దీ దోష నివేదికలు వచ్చిపడ్డాయి. ఆ కంప్యూటర్లు ఏవేవో ప్రకటనల సంస్థలతో సంబంధం పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాయి. వాటి యజమానులందరికీ ఉమ్మడిగా కనిపించిన అంశం ఒక్కటే: అందరూ ఫోర్ట్‌నైట్ ఆడేవారు. ఆ ఆట పేరిట తిరుగుతున్న మోసపు ఉపకరణాలను ఇంజినీర్లు వందల సంఖ్యలో పరీక్షించి, చివరకు ఒకదానిని పట్టుకున్నారు. ఉచితంగా వీ-బక్స్ ఇస్తాననీ, తుపాకి గురి తప్పకుండా చేస్తాననీ అది చెప్పుకున్నది. చేసినది వేరు. కంప్యూటర్‌లో ఒక దొంగ ధ్రువపత్రాన్ని నాటి, వెబ్ రాకపోకలన్నిటినీ తన గుండా మళ్లించుకున్నది. బయటపడే నాటికి దానిని 78,000 సార్లు దించుకున్నారు.

2020లో బయటపడిన రెడ్‌లైన్ అనే దొంగ ప్రోగ్రాము యూట్యూబ్‌లోని ఆటల చిట్కాల వీడియోల ద్వారా కూడా వ్యాపించింది. ఇటువంటి ఫైలును పాస్‌వర్డ్‌తో మూసిన కట్టగా ఇస్తారు; వైరస్ నిరోధకం దాని లోపలికి తొంగిచూడలేదు. ఆపై ఆ నిరోధకాన్నే కాసేపు ఆపివేయమంటారు. కావలి కుక్కను కట్టేసి తలుపు తీయమన్నట్లే! లోపలికి వచ్చినది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, కుకీలనూ మూటగట్టి పంపిస్తుంది. కుకీ చేతికి చిక్కితే, అప్పటికే తెరిచి ఉన్న ఖాతాలోకి పాస్‌వర్డ్ లేకుండానే ప్రవేశించవచ్చు. 2024 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు, అమెరికా తదితర దేశాల అధికారులతో కలిసి రెడ్‌లైన్ సర్వర్లను పట్టుకున్నారు. ఆ జాతివి మరికొన్ని మిగిలే ఉన్నాయి.

సొమ్ము పోయిన తరువాతి మొదటి గంట చాలా విలువైనది. 1930 అనే సంఖ్యకు ఫోను చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే, సొమ్ము ఇంకా దొంగ ఖాతాలో ఉండగానే బ్యాంకు నిలిపివేసే అవకాశం ఉంది. అది నాలుగైదు ఖాతాలు మారిన తరువాత చేయగలిగేది స్వల్పం. ఫోనుకు నెట్ ఆపివేసి, వేరొక పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం కూడా ఆ గంటలో జరగవలసిన పనే. అయితే కుర్రవాడు సరిగా ఆ గంటలోనే నోరు విప్పడు. తండ్రి కోపం ఒక భయం, ఉచితానికి ఆశపడ్డానన్నది ఒక సిగ్గు. బ్యాంకు సందేశాన్ని చెరిపివేసి, ఫోనును యథాస్థానంలో ఉంచి, దుప్పటి ముసుగుపెట్టుకుంటాడు. వంచకుడు ఈ మౌనాన్ని కూడా ముందే లెక్కలో వేసుకున్నాడు.

కొన్నాళ్లకు మరొక కంఠం ఫోనులో పలకరించవచ్చు. పోయిన సొమ్ము రప్పిస్తాననీ, అందుకు ముందుగా కొంత చెల్లించాలనీ, ఇంకొక యాప్ దించుకోవాలనీ అది చెబుతుంది. నీతిచంద్రికలోని పులి కూడా, బురదలో కూరుకుపోయిన బాటసారిని చూసి జాలిపడినట్లే మాట్లాడింది. పైకి లేవదీస్తానంటూనే మెల్లమెల్లగా అతడి దగ్గరకు వచ్చింది.