ఈత వచ్చా? - వై

సాఫ్ట్‌వేర్ వాడికి చేపల పులుసు తినాలనిపిస్తే ఏం చేస్తాడు? ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. మేమూ అదే చేశాం. ఆ షీటులో నేనో అబద్ధం రాశాను. ఈ సోదంతా దాని గురించే.

మా వాడొకడు పన్నెండేళ్లు డాలస్‌లో ఉండి పోయినేడాది ఇండియాకి తిరిగొచ్చేశాడు. వచ్చినప్పట్నుంచీ ఒకటే గోల, బాస్ ఫిషింగ్‌కి పోదామని. మా టీములో ఒకమ్మాయి "ఏ బాస్‌ని?" అనడిగింది. బాస్‌ని గాలానికి తగిలించి నీళ్లలోంచి పైకి లాగడమనగానే అప్రైజల్ సీజన్లో ఉన్నవాళ్లందరికీ ఉత్సాహం వచ్చేసింది. తీరా చూస్తే అది ఒక చేప పేరు :)

లార్జ్‌మౌత్ బాస్ అంటే పెద్ద నోటి చేప. నాచులోనో, మునిగిపోయిన చెట్టు మొద్దు చాటునో నక్కి ఉండి, దగ్గరికొచ్చినదాని మీద ఒక్కసారిగా పడుతుంది. టెక్సాస్‌లో లేక్ ఫోర్క్ అని దీనికి పేరుమోసిన చెరువొకటుంది. 1992 జనవరిలో అక్కడ దొరికిన 18.18 పౌండ్ల చేపే ఇప్పటికీ ఆ రాష్ట్రం రికార్డు. మావాడు ఈ అంకెని మనవాళ్లు సచిన్ స్కోర్లు చెప్పినట్టు చెబుతాడు. చిన్న పడవ, ఒక గాలం కర్ర, ఒడ్డున టెంటు, రాత్రికి మంట... వాడి వర్ణన వింటుంటే నాకు నా క్యూబికల్ మీద విరక్తి పుట్టింది.

"మన దగ్గర బాస్ ఎక్కడుందిరా?" అంటే, "బాస్ లేకపోతేనేం, కొర్రమీనుంది కదా" అన్నాడు. నిజమే. చుట్టరికం ఏమీ లేదు గానీ రెండింటిదీ ఒకటే బుద్ధి. కొర్రమీను కూడా తామరాకుల కింద, నాచు మధ్య మాటు వేస్తుంది. నీటి మీద కప్పలా కదిలే రబ్బరు బొమ్మ కనిపిస్తే ఎగిరి పట్టుకుంటుంది. మధ్యమధ్యలో పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి బురదలో కూడా చాలాసేపు బతుకుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. అమెరికాలో మాత్రం దీని వంశం మొత్తం నిషిద్ధం. 2002లో మేరీలాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో దీని దాయాది ఒకటి దొరికేసరికి అక్కడ పెద్ద గోలైంది. అదే ఏడాది ఈ జాతి చేపల్ని ప్రాణంతో దిగుమతి చెయ్యకూడదని ఫెడరల్ ప్రభుత్వం రూలు పెట్టింది. మనకి హెచ్‌-వన్ లాటరీ అయినా ఉంది, పాపం కొర్రమీనుకి అదీ లేదు.

చోటు ఇబ్రహీంపట్నం అనుకున్నాం. మా ఆఫీసు ఆదిభట్లలో. బొంగ్లూర్ గేటు దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఎంతోసేపు పట్టదు. అక్కడి పెద్ద చెరువు కుతుబ్ షాహీల నాటిది. మన తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550-1580) పేరు మీదే ఊరు. ఏళ్లతరబడి ఎండిపోయి, పశువులు మేసే బీడులా ఉండిపోయిన చెరువులో ఇప్పుడు నీళ్లు చూస్తుంటే ఎవరికైనా పడవ వెయ్యాలనే అనిపిస్తుంది.

సరే, షీటు సంగతి. ఎనిమిది మందిమి. వరస సంఖ్య, పేరు, వెజ్జా నాన్‌వెజ్జా, టెంటు నంబరు, పడవ నంబరు, ఇచ్చిన డబ్బులు. గాలి కొట్టుకునే పడవలు రెండు, లైఫ్ జాకెట్లు నాలుగు కొనేశాం కూడా. చివర్లో ఎవరో ఇంకో కాలమ్ పెట్టారు, 'ఈత వచ్చా?' అని. సాయంత్రానికల్లా ఎనిమిది గడుల్లోనూ వై, వై, వై. పూర్తి ఆకుపచ్చ.

అందులో ఒక వై నాది. నాకు ఈత రాదు.

మరెందుకు రాశావంటారా? నేను పల్లెటూరివాణ్ణి. "మీకేంటండీ, బావుల్లో దూకి నేర్చుకునుంటారు" అని మా టీములో హైదరాబాద్ పిల్లలు ఎప్పుడూ అంటుంటారు. నేను కాదని ఎప్పుడూ అనలేదు. నిజానికి చిన్నప్పుడు మా ఊళ్లో పిల్లల నడుముకి బెండ్లు కట్టి బావిలోకి తోసేవాళ్లు. నా వంతు వచ్చే ఎండాకాలమే, పక్క వీధి పిల్లాడొకడు అదే బావిలో పోయాడు. మా అమ్మ ఆ తర్వాత నన్ను బావి గట్టు కూడా ఎక్కనివ్వలేదు. ఈ కథంతా ఒక్క గడిలో పట్టదు కదా, వై అయితే సరిపోతుంది. పైగా నాకంటే ముందు ఐదుగురు వై అని రాసేసి ఉన్నారు.

ముందోసారి చూసొద్దామని ఆదివారం పొద్దున్నే నేనూ డాలస్ వాడూ బయల్దేరాం. ఒడ్డున ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటున్నాడు. పక్కనే థర్మోకోల్ తెప్ప. మావాడు గాలం కర్ర బయటికి తీసేసరికి తలెత్తి చూశాడు.

"యాడికెళ్లొచ్చిండ్రు సారూ? సంఘపోళ్లకి చెప్పిండ్రా?"

చెప్పలేదు. అసలు చెప్పాలని తట్టనే లేదు. మా షీటులో బొగ్గులకీ, మసాలాకీ, ఓడోమాస్‌కీ కూడా వరసలున్నాయి గానీ చెరువుకి లేదు. దాన్ని ఖాళీ జాగా అనుకున్నాం. మన దగ్గర చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. చేప పిల్లల్ని వదిలేది వాళ్లు (2016 నుంచి ప్రభుత్వమే పిల్లల్ని ఉచితంగా ఇచ్చే పథకం కూడా పెట్టింది). అవి పెరిగేదాకా కాపలా కాసేదీ వాళ్లే. నీటి అడుగున రాత్రంతా పరిచి ఉంచే వలలూ వాళ్లవే. టెక్సాస్‌లో లైసెన్సు కొనకుండా గాలం ముట్టని మావాడు, ఇక్కడికొచ్చి అడగకుండా గాలం తీశాడు. నేను పక్కనే నిలబడి ఫోటో తీస్తున్నాను. ఇద్దరికీ సిగ్గేసింది.

క్షమించమని అడిగితే ఆయనేం కోప్పడలేదు. బీడీ వెలిగించి మా ప్లానంతా విన్నాడు. గాలి పడవ అనగానే నవ్వాడు.

"గాలి పడవనా? ఎండినన్ని దినాలు లోపట సర్కారు తుమ్మ మొలిశింది. నీళ్లొచ్చినయ్ గని ముండ్లు ఏడికి పోతయ్ సారూ? కండ్లకి కనవడవు."

నేను మావాడి మొహం చూశాను, వాడు నా మొహం చూశాడు. మూడు పొరల పీవీసీ అనీ, ఐదు రివ్యూలు చదివాననీ కారులో అరగంట చెప్పుకొచ్చాడు. రివ్యూ రాసినవాళ్లెవరూ తుమ్మ ముల్లు మీద పడవ నడిపి ఉండరు.

తర్వాత, ఎప్పుడు రావాలనుకుంటున్నారని అడిగాడు. వానలు పడ్డాక, జులైలో అన్నాం, చల్లగా ఉంటుంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు కొర్రమట్ట పిల్లల్తోటి ఉంటది. ఎర్రగ గుంపుగ తేల్తయ్ పిల్లలు. కిందనే పెద్దది కావలుంటది. అప్పుడు గాలమేస్తే ఎంటనే పడ్తది. ఆకలైతదని కాదు, పిల్లల మీదికొచ్చిండ్రని. దాన్ని పట్టుకపోతిరనుకో, పిల్లల్ని కడమ చేపలు తింటయ్."

ఇది విని మావాడు కాసేపు మాట్లాడలేదు. బాస్ కూడా అంతేనట. గూడు దగ్గర తండ్రి చేప కాపలా ఉంటుంది, ఏది దగ్గరికొచ్చినా కరుస్తుంది. ఆ రోజుల్లోనే ఎక్కువ చేపలు పడతాయని అక్కడ వాళ్లు కూడా వసంతకాలంలో ఎగబడతారట. "నా పెద్ద చేప ఫోటో కూడా అప్పటిదేరా" అన్నాడు నెమ్మదిగా.

బయల్దేరబోతుంటే పెద్దాయన మామూలుగా అడిగాడు. "మీకు ఈతొస్తదా?"

మావాడు వచ్చన్నాడు. నేను "కొంచెం కొంచెం" అన్నాను.

"కొంచెం ఈతొస్తే కొంచెమే మునుగుతరా సారూ?" అన్నాడాయన, వల మీంచి కళ్లు తియ్యకుండానే.

ఇంటికొచ్చాక కొన్న లైఫ్ జాకెట్ తీసి లోపలి లేబుల్ చదివాను. (మనం ఎండ్ యూజర్ అగ్రిమెంటు చదవనట్టే ఇవి కూడా చదవం.) 50 న్యూటన్లు అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈత వచ్చినవాళ్లకి మాత్రమే అని. చిన్న పడవల కోసం అమ్మే జాకెట్లు చాలామటుకు ఈ రకమే. ఇవి తేలడానికి కాస్త సాయం చేస్తాయంతే. స్పృహ తప్పితే మొహాన్ని నీటిపైకి తిప్పవు. ఈత రానివాళ్లకి కనీసం 100 న్యూటన్లది కావాలి. దానికి మెడ వెనక కాలర్ ఉంటుంది, మనిషిని వెల్లకిలా తిప్పడానికి చూస్తుంది. అంటే మేం కొన్న నాలుగు జాకెట్లూ షీటులోని ఆ ఎనిమిది వైలని నమ్మి కొన్నవి. నా వై తప్పయితే నా జాకెట్టూ తప్పే.

అదే రాత్రి 'ఇబ్రహీంపట్నం పడవ' అని వెతికాను, ఎవరైనా ముందు వెళ్లొచ్చారేమోనని. వచ్చింది మన ఇబ్రహీంపట్నం కాదు, ఎన్టీఆర్ జిల్లాలోది. 2017 నవంబరు 12న అక్కడ పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్లు, కార్తీక మాసమని సరదాగా కలిసి వచ్చినవాళ్లు. ఆ పడవకి అనుమతి లేదని తర్వాత తేలింది. ఆ వార్త మళ్లీ చదువుతుంటే, ఎక్కేముందు ఎవరూ అడిగి ఉండరా అనిపించింది. అడిగే ఉంటారు. ఎవరో ఏం పర్లేదని చెప్పే ఉంటారు.

మనకిది కొత్తేం కాదు. ప్రాజెక్టు స్టేటస్ అడిగితే అందరం గ్రీన్ అనే రాస్తాం. ముందు రాసినవాడు గ్రీన్ అన్నాడు కాబట్టి మనమూ గ్రీన్. ఒక్కడే రెడ్ రాస్తే వాడికే మీటింగ్. రిలీజ్ రోజు రాత్రి బండారం బయటపడుతుంది, పిజ్జాలు తెప్పించుకుని తెల్లారేదాకా కూర్చుంటాం, మహా అయితే రోల్‌బ్యాక్ చేస్తాం. చెరువులో రోల్‌బ్యాక్ ఉండదు. ఇన్నేళ్లూ ఈ రెండింటికీ తేడా తెలీనట్టే నేను గడుల్ని నింపుతున్నానని ఆ రాత్రి అర్థమైంది.

సోమవారం పొద్దున్న నా గడిలో వై తీసేసి ఎన్ పెట్టాను. ఎర్రరంగు కొట్టి, అందరికీ మెయిల్ పెట్టాను. "నాకు ఈత రాదు, మొన్న అబద్ధం రాశాను, క్షమించండి" అని రెండే ముక్కలు. ఎవరైనా ఏడిపిస్తారేమో అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి షీటులో ఇంకో మూడు ఎన్‌లు వచ్చి కూర్చున్నాయి. మొత్తం ఎనిమిది మందిలో నలుగురికి ఈత రాదు! అందులో ఒకాయన, నేనే కంగారు పడి పక్క పడవ ఎక్కించబోయినాయన, "నువ్వు వై అన్నావని నేనూ వై అన్నానండీ" అన్నాడు.

ఇప్పుడు ప్లాను మారింది. జులై కాదు, వానలకి బాగా ముందే, మార్చిలో వెళ్తున్నాం. సంఘంవాళ్లని కలిశాం, ఎక్కడ గాలం వెయ్యొచ్చో, వలలు ఎక్కడున్నాయో, మేమెంత కట్టాలో వాళ్లే చెప్పారు. గాలి పడవలు తిరిగిచ్చేశాం. తెప్ప మీద ఒకసారికి ఒక్కరే, అదీ ఈత వచ్చినవాళ్లే, అదీ పెద్దాయన తెడ్డు వేస్తుంటేనే. ఈత వచ్చినా సరే 100 న్యూటన్ల జాకెట్టు తప్పనిసరి. చీకటి పడ్డాక నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. సీసా మూత తీశాక అసలే దిగకూడదు. టెంట్లు ఒడ్డుకి దూరంగా, అడిగి తీసుకున్న పొలంలో. ఒడ్డున మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానొకటి, దానికి పొడుగాటి తాడు కట్టి ఉంచుతాం. ఎవరైనా పడితే వెనకాలే దూకడం కాదు, అది విసరాలి. దూకినవాడే రెండోవాడైన కథలు మనం పేపర్లో ఎన్ని చదవలేదు?

నేను ఒడ్డు మీదే ఉంటాను, బెండు కట్టిన గాలంతో, వానపాముల డబ్బాతో. కొర్రమీను పడకపోతే జిలేబీ అయినా పడకపోదు. డాలస్ వాడు "ఇది క్యాంపింగా, సత్యనారాయణ వ్రతమా, ఇన్ని నియమాలు?" అని గొణిగాడు గానీ, తాడు కొనుక్కొచ్చింది వాడే.

అన్నట్టు, మా కాలనీ దగ్గర ఈతకొలనులో పొద్దున ఆరింటి బ్యాచ్‌లో చేరాను. నాతోపాటు నేర్చుకునేవాళ్లంతా మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. నన్ను అంకుల్ అంటారు, నాకంటే ముందు నీళ్లలో మొహం పెట్టేస్తారు. వారమైంది, గోడ వదలడానికి ఇంకా ధైర్యం చాలలేదు. ఇంట్లో అమ్మకి చెప్పలేదు. షీటులో మాత్రం నా గడి ఎర్రగానే ఉంది.