తల చూపించి పక్క కొట్టడం

నిన్న రాత్రి భవానీ దేవి టోక్యో బౌట్ మళ్లీ చూశా. ఒలింపిక్స్‌కెళ్లిన మొదటి భారత ఫెన్సర్, చెన్నై అమ్మాయి. 2021లో తొలి బౌట్ 15-3తో గెలిచి, తర్వాత ఫ్రాన్స్ మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది.

ఆవిడ ఆడేది సేబర్, ఫెన్సింగ్‌లో ఒక రకం. నడుము పై భాగమంతా గురే. తలమీదికి కత్తి లేపితే అవతలివాళ్లు కాచుకోడానికి చెయ్యెత్తుతారు, పక్క ఖాళీ అవుతుంది. కానీ ఆ లేపడం నిజంగా కొట్టేటట్టే ఉండాలి. ఇంకో ఎత్తు మరీ గడుసు: కావాలనే అందని దెబ్బ వేసి, వాళ్ల ఎదురుదెబ్బ రప్పించి, దాన్ని కాచి కొట్టడం.

మన నందిగామ, జగ్గయ్యపేట పక్క ఊళ్లల్లో కబడ్డీ చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. రైడర్ చెయ్యీ చూపూ ఎడమ కార్నర్ మీద, కాలు మాత్రం కుడికి! కాకపోతే కబడ్డీలో కూత ఉన్నంతసేపూ ఎన్ని మాయలైనా చెయ్యొచ్చు. సేబర్‌లో ఆ తీరిక లేదు. ఇద్దరికీ దెబ్బ తగిలితే పాయింటు దాడి చేస్తున్నవాళ్లదే. మాయ చేస్తూ చెయ్యి వెనక్కి లాగారా, ఆ పాయింటు హక్కు కాస్తా అవతలికి పోతుంది. నాకైతే ఇదే అసలు కష్టం అనిపిస్తుంది.

మన వైపు ఫెన్సింగ్ నేర్పేవాళ్లుంటే చెప్పండి, మా మేనకోడలు నేర్చుకుంటానని ఒకటే గోల.