రెండు అరచేతులంత రబ్బరు

ముడి పదార్థాల విభాగంలో కన్వేయర్ బెల్టుల నిర్వహణ నా ఉద్యోగం. బెల్టు పై రబ్బరు మందాన్ని కొలవడం, అంచుల చీలికలను పరిశీలించడం, అతుకుల పరిస్థితిని రిజిస్టరులో నమోదు చేయడం, పరిమితి దాటి అరిగిన బెల్టును ఎవరెంత తొందరపెట్టినా నడపనివ్వకపోవడం నా నిత్యకృత్యాలు. రెండు దశాబ్దాలుగా ఇదే పని చేస్తున్నాను గనుక రబ్బరు స్వభావం నాకు బాగా తెలుసునన్న గర్వం కూడా కొంత ఉండేది. ఆ గర్వం 2023 ఆగస్టులో అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఒక్క క్షణంలో జారిపోయింది. నాతోపాటు నా సహధర్మచారిణిని కూడా కిందపడవేసింది.

నా వద్ద 2019లో కొన్న డోమినార్ 400 మోటారు సైకిలు ఉంది. దానిని స్పోర్ట్ టూరింగ్ తరగతి బండి అంటారు. అది పందెపు బండి కాదు. అలాగని కేవలం ఆఫీసుకు వెళ్ళి వచ్చే బండీ కాదు. వెనుక మనిషిని, సామాను సంచులను మోస్తూ దూరప్రయాణాన్ని చురుకుగా సాగించేందుకు తయారైనది. రాజమహేంద్రవరం దగ్గరి మా స్వగ్రామానికి రెండు నెలలకొకసారి దాని మీదనే వెళ్ళి వస్తుంటాను. సెలవు దొరికితే దంపతులమిద్దరం అరకు వైపు సాగిపోతాము. పిల్లలు పెద్దవారైన తరువాత మాకు మిగిలిన వినోదం అదొక్కటే.

ఆనాడు శృంగవరపుకోటలో ఫలహారం ముగించుకొని బయలుదేరేసరికి సన్నని జల్లు మొదలైంది. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాము. తైడ దాటిన తరువాత ఒక ఎడమ మలుపులో బండిని కాస్త వంచానో లేదో, వెనుక చక్రం ఎవరో పక్కకు లాగినట్లు జారిపోయింది. వేగం 30 కిలోమీటర్లకు మించి లేదు. ఇద్దరమూ హెల్మెట్లు ధరించి ఉండటం వల్లనూ, ఎదురుగా వాహనమేదీ రాకపోవడం వల్లనూ ప్రాణాపాయం తప్పింది. ఆమె మోచేయి, మోకాలు దోక్కుపోయాయి. బండికి ఒక ఫుట్‌రెస్టు వంగింది. దారిన పోతున్న గిరిజన సోదరులిద్దరు పరుగున వచ్చి బండిని లేపి, ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

వర్షమనీ, రోడ్డు మీద ఎవరో ఆయిలు ఒలకబోసి ఉంటారనీ నేను కారణాలు వెతుకుతూనే ఉన్నాను. ఆమె మాత్రం గాయానికి చేతిరుమాలు చుట్టుకుంటూ, నిలబెట్టిన బండి వెనుక టైరు వంక చూస్తూ, "ఏమండీ, ఫ్యాక్టరీలో బెల్టులకు రిజిస్టరు పెడతారు కదా, మరి దీనికి లేదా?" అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నట్లయితే సమాధానం చెప్పడం నాకు సులభమయ్యేది.

ఆమెను బస్సులో వెనక్కు పంపి, నేను బండిని మెల్లగా నడుపుకుంటూ ఇంటికి చేరాను. ఆ సాయంత్రమే చక్రం ముందు పీట వేసుకొని కూర్చొని, బెల్టును పరీక్షించినట్లు టైరును పరీక్షించాను. గాడుల అడుగున చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. వాటిని అరుగుదల సూచికలు అంటారు. టైరు పైతలం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్లు. నా టైరు మధ్యభాగంలో రెండూ ఏనాడో సమానమైపోయాయి. పక్కల మాత్రం గాడులు కొత్తవాటిలాగే లోతుగా ఉన్నాయి. జాతీయ రహదారి మీద తిన్నగా సాగిన వేల కిలోమీటర్ల ప్రయాణం మధ్యభాగాన్ని బల్లపరుపుగా చేసింది. గుండ్రంగా ఉండవలసిన టైరుకు ఇరువైపులా ఒక అంచు ఏర్పడింది. మలుపులో బండి వంగినప్పుడు ఆ అంచు దాటే చోట పట్టు హఠాత్తుగా మారుతుంది. దానికి తోడు, నీటిని పక్కలకు తరలించవలసిన గాడులు మధ్యలో లేవు. వర్షం నిమిత్తమాత్రమే, దోషం నాదే.

మోటారు సైకిలు భూమిని తాకేది రెండు చక్రాల దగ్గర, ఒక్కొక్కచోట సుమారు అరచేయంత మేర మాత్రమే. బ్రేకులు ఎంత మంచివైనా, ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా వాటి ప్రతాపమంతా ఆ రెండు అరచేతుల ద్వారానే రోడ్డుకు చేరాలి. గాలి టైరును 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం తయారుచేశాడు. అంటే మన ఎరుకలోని ఈ టైరు పుట్టింది ఇంట్లోని మనిషి సుఖం కోసమే. నేను మాత్రం దానిని బండికి సంబంధించిన వస్తువుగానే చూశాను గాని, వెనుక కూర్చున్న మనిషికి సంబంధించినదిగా ఏనాడూ తలచలేదు.

కొత్త టైర్లు వేయించాలని నిశ్చయమైంది. ఏ టైర్లు అన్న ప్రశ్న రాగానే సలహాలు వర్షంలా కురిశాయి. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి, "నాన్నా, వెనకాల 160 వేయిద్దాం, బండి దిట్టంగా కనబడుతుంది" అన్నాడు. మా విభాగంలోని పెద్దాయనొకరు, "గట్టి నైలాన్ టైరు వేయించవయ్యా, రిటైరయ్యేదాకా అరగదు" అన్నారు. టౌన్‌షిప్‌లో వేగంగా బండి నడిపే కుర్రవాడొకడు, పందెపు బండ్లకు వాడే మెత్తని రబ్బరు టైరును మించినది లేదన్నాడు. ముగ్గురివీ మంచి మనసులే. అయితే ఒక్కొక్కరూ తమ బండికి కావలసిన టైరును నా బండికి చెబుతున్నారని తరువాత గాని నాకు బోధపడలేదు.

మొదట బండికి కంపెనీవారు నిర్ణయించిన కొలతను చదవడం నేర్చుకున్నాను. నా వెనుక టైరు మీద 150/60 ఆర్ 17, 66 హెచ్ అని ఉంది. 150 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 వంతులని, అనగా 90 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. 66 అనే సంఖ్య ఆ టైరు 300 కిలోల బరువు మోయగలదని, హెచ్ అనే అక్షరం గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకోగలదని తెలియజేస్తాయి. అంత వేగంతో నాకు పని లేదు. కాని బండి బరువు, ఇద్దరు మనుషులు, సామాను కలిసే చోట బరువు సంఖ్యతో మాత్రం పని ఉంది. కంపెనీ నిర్ణయించిన దానికంటె తక్కువ సంఖ్య గల టైరును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు.

ఈ లెక్కతోనే సలహాలన్నీ తూచాను. 160 వెడల్పు టైరును అదే రిమ్ముకు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి దాని ఆకారం మారుతుంది. ఎత్తు కూడా 96 మిల్లీమీటర్లై, బండి వెనుక భాగం 6 మిల్లీమీటర్లు లేస్తుంది. మలుపు తిరిగే తీరు మారుతుంది. కంటికి దిట్టంగా కనబడటం తప్ప ప్రయోజనం లేదు. గట్టి రబ్బరు ఎక్కువకాలం మన్నుతుందన్న మాట నిజమే గాని, తడిలో దాని పట్టు తక్కువ. పైగా తయారీదారు అనుమతి లేకుండా ముందు రేడియల్, వెనుక నైలాన్ కలపడం క్షేమకరం కాదు. రెండింటి నిర్మాణం వేరు, వంగే తీరు వేరు. ఇక పందెపు టైరు బాగా వేడెక్కినప్పుడు గాని తన గుణం చూపదు. వానలో అరకు ఘాట్ ఎక్కే నా బండి దానిని అంతగా వేడెక్కించలేదు. తిన్నని రహదారి మీద మాత్రం అది త్వరగా అరిగిపోతుంది.

అప్పుడు నేను చేసిన పని ఒక్కటే. ఒక కాగితం తీసుకొని గత ఆరు నెలలలో నేను వాస్తవంగా చేసిన ప్రయాణాలన్నీ రాశాను. చేయాలని కలలు కన్న లడఖ్ యాత్రను రాయలేదు. పది వంతులలో ఏడు వంతులు 16వ నంబరు జాతీయ రహదారి మీద సామానుతో తిన్నగా సాగినవి. రెండు వంతులు నగరంలో తిరిగినవి. ఒక్క వంతు మాత్రమే ఘాట్ రోడ్లు. కాని ఆ ఒక్క వంతులోనే తడి ఉంది, మలుపు ఉంది, వెనుక ఆమె ఉంది. కాగితం చూడగానే విషయం తేటపడింది. టైరు ఎంతకాలం మన్నాలో ఆ తొమ్మిది వంతులు చెబుతాయి. ఎంత పట్టు ఉండాలో ఆ ఒక్క వంతు చెబుతుంది. ఈ రెంటినీ కలిపి చూసుకోవాలి. ఎటూ తేలనిచోట మాత్రం ఆ ఒక్క వంతు మాటే చెల్లాలి.

స్పోర్ట్ టూరింగ్ టైర్లు ఈ అవసరం కోసమే పుట్టినవి. వాటిలో చాలావాటికి మధ్యభాగంలో కాస్త గట్టి రబ్బరు, ఇరుపక్కల మెత్తని రబ్బరు వాడతారు. తిన్నగా పోయేటప్పుడు మధ్యభాగం అరుగుదలను ఆపుతుంది. వంగినప్పుడు పక్కభాగం పట్టునిస్తుంది. రబ్బరులో సిలికా కలపడం వల్ల తడి రోడ్డు మీద, చల్లని వేళలో కూడా పట్టు నిలుస్తుంది. మిషెలిన్ వారి రోడ్ శ్రేణి, పిరెల్లీ వారి ఏంజెల్ జి.టి., మెట్జెలర్ వారి రోడ్‌టెక్ ఈ జాతిలో పేరెన్నికగన్నవి. అయితే ప్రతి శ్రేణిలోనూ ప్రతి కొలతా దొరకదు. మన బండి కొలతలో దొరికేవాటిలోనే ఎన్నుకోవాలి. నేనేది కొన్నానో చెబితే అది ప్రకటన అవుతుంది గనుక చెప్పను.

ధర చూసి మొదట నా గుండె ఝల్లుమన్నది. కాని లెక్క వేస్తే అంత భయమక్కరలేదు. ఉదాహరణకు 8,000 రూపాయల టైరు 10,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 80 పైసలు. 12,000 రూపాయల టైరు 16,000 కిలోమీటర్లు నడిస్తే 75 పైసలు. మొదటి చెల్లింపు మాత్రమే బరువు, దారి పొడవునా కాదు. లెక్క తారుమారై ఖరీదైన టైరుకే కిలోమీటరుకు పది పైసలు ఎక్కువైనా, దోక్కుపోయిన ఆ మోచేయి ముందు పది పైసలెంత?

నగరంలో ఒక దుకాణదారు, నేను కోరిన టైరే తక్కువ ధరకు ఇస్తానని ఆశపెట్టాడు. టైరు పక్కభాగంలో తయారీ తేదీ నాలుగు అంకెలుగా ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. అక్కడ 2318 అని ఉంది. అనగా 2018వ సంవత్సరం 23వ వారం. ఐదేళ్ళుగా దుకాణం ముందు ఎండలో వేలాడిన టైరు అది. రబ్బరు వాడకపోయినా వృద్ధాప్యం పొందుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోను దానిని బిరుసెక్కిస్తాయి. "సార్, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు" అని ఆయన వాదం. గోదాములో పాతబడిన బెల్టును నేను తిరస్కరించినప్పుడల్లా విన్న వాదమే గనుక నమస్కారం చెప్పి వచ్చేశాను.

మరొకచోట ఆ ఏడాది తయారైన టైర్లు దొరికాయి. వెనుకది త్వరగా అరుగుతుంది గనుక ముందుదానికి ఇంకా ఆయుష్షు మిగిలి ఉంది. అయినా ఒకే శ్రేణికి చెందిన జత మేలని రెండూ మార్పించాను. పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకు ఉన్నదీ లేనిదీ చూశాను. పసుపు చుక్కను వాల్వు వద్దకు తెప్పించాను. వాల్వులు కొత్తవి వేయించి, చక్రాలకు బ్యాలెన్సింగు చేయించాను. కొత్త టైరు మీద నునుపుదనం పోయేవరకు, మొదటి నూరు నూటయాభై కిలోమీటర్లు, బండిని ఎక్కువ వంచకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా నడిపాను.

సంక్రాంతి సెలవులకు అరకు వెళదామని భయపడుతూనే అడిగాను. ఆమె ముందుగా బయటికి వెళ్ళి, వంగి, వెనుక టైరు గాడులలో వేలు పెట్టి చూసింది. తరువాతనే హెల్మెట్ తీసుకుంది. తైడ దాటిన తరువాత ఆ మలుపు దగ్గర నా భుజం మీద ఆమె చేయి బిగిసింది. మలుపు దాటాక మళ్ళీ సడలింది. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. గాలికొండ దగ్గర కాఫీ తాగాము.

ఇప్పుడు మా ఇంట్లో ఒక రిజిస్టరు ఉంది. పదిహేను రోజులకొకసారి, బండి తీయకముందు టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి ఒత్తిడి, నెలకొకసారి గాడుల లోతు, గుచ్చుకున్న మేకులు, పగుళ్ళు అందులో నమోదవుతాయి. రాసేది నేను. తనిఖీ అధికారి సంతకం స్థానంలో ఆమె సంతకం చేస్తుంది. ఒకసారి తీరికలేక తనిఖీ చేయకుండానే గడులు నింపితే, బండి దగ్గరకు వెళ్ళి చూసి వచ్చి, సంతకం చేయకుండా పుస్తకం తిరిగి ఇచ్చేసింది. మన కర్మాగారంలో అంత నిక్కచ్చి అధికారిని నేనింకా చూడలేదు.

ప్రతిదినం యంత్రాల క్షేమాన్ని కనిపెట్టే సోదర సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. ఈ సాయంత్రం షిఫ్టు ముగిశాక సైకిల్ స్టాండులో బండి తీసేముందు ఒక్క నిమిషం వంగి టైరును చూడండి. ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూస్తున్నవారు రేపు మీ వెనుక కూర్చుంటారు.