మచ్చ మానేదాకా ఎండతో జాగ్రత్త

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో శాండ్రింగామ్ రోడ్డంటే మనవాళ్లకు కరివేపాకు, గోంగూర, మిఠాయిలు దొరికే వీధి. నేను జనవరిలో వెళ్లింది మాత్రం అక్కడికి దగ్గర్లోని ఒక మందుల షాపుకి. అందులో ఫార్మసిస్టు ఒంగోలు అమ్మాయి. మొటిమలు తగ్గాక మిగిలే నల్లమచ్చల కోసం మన పిల్లలు ఎంతమంది వస్తారో, ఏమేం పూసుకుని వస్తారో ఒకసారి కూర్చుని చూడమంది.

మధ్యాహ్నం ఒక విద్యార్థిని వచ్చింది. "అక్కా, ఇది అయిపోయింది, ఇక్కడ దొరుకుతుందా?" అంటూ నలిగిన ట్యూబు కౌంటరు మీద పెట్టింది. ఊరినుంచి అమ్మ పంపిందట. వెనక చిన్న అక్షరాల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్ అని ఉంది. మూడోది స్టెరాయిడ్. రాసిన కొత్తలో ముఖం తేటపడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రని సన్న రక్తనాళాలు తేలి, మానేయగానే మొటిమలు విరగబూస్తాయి. ఆ పిల్ల బుగ్గల మీద ఆ ఎరుపు అప్పటికే కనిపిస్తోంది. 2018లో భారత ప్రభుత్వం చర్మానికి రాసే 14 స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. అయినా సూట్‌కేసుల్లో ఇవి సముద్రాలు దాటుతూనే ఉన్నాయి.

ఫార్మసిస్టు కోప్పడలేదు. కంప్యూటరు తెర తిప్పి డెర్మ్‌నెట్‌లో ఫొటోలు చూపించింది. 1996లో న్యూజీలాండ్ చర్మవైద్యులు మొదలుపెట్టిన ఈ వెబ్‌సైటును ఇప్పుడు ప్రపంచమంతా చూస్తోంది. మొటిమ వాచినప్పుడు చుట్టూ ఉన్న రంగు కణాలు రెచ్చిపోయి మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. మచ్చ అంటే అదే, మురికి కాదు. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఆ కణాలు మరింత చురుకు. పైపొరలో ఉన్న గోధుమరంగు మచ్చ నెలల్లో తేలికపడుతుంది. లోపలి పొరకు దిగి నీలి బూడిదరంగుకు తిరిగితే ఏళ్లు పట్టొచ్చు. గిల్లితే వాపు పెరిగి మచ్చ ముదురుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి కొత్త మచ్చలు లేస్తాయి. వంటింటి చిట్కాల్లో నేను గట్టిగా వద్దనేది దీన్నే.

ఇక్కడి ఎండ సంగతి వేరు. చల్లగాలి వీస్తుంటుంది కాబట్టి మనకు తెలియదు. ఇక్కడ వేసవైన జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, గాలిలో దుమ్ము తక్కువ, ఓజోన్ పలచన. ఉత్తరార్ధంలో ఇంతే అక్షాంశాల దగ్గరి వేసవితో పోలిస్తే అతినీలలోహిత కిరణాలు సుమారు 40 శాతం ఎక్కువ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో న్యూజీలాండ్ ఒకటి. మనకు ఆ క్యాన్సర్ ముప్పు తెల్లవారికంటే తక్కువే, కానీ మచ్చను నల్లబరిచేదీ ఈ ఎండే.

అందుకే ఆమె ముందు తీసింది సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండి, "ముఖానికీ మెడకీ ఇంత కావాలమ్మా, బొట్టు పెట్టుకున్నంత కాదు" అంది. 2022లో చట్టం వచ్చేవరకు ఈ దేశంలో సన్‌స్క్రీన్‌కు నాణ్యతా ప్రమాణం తప్పనిసరి కాదు. మన రంగుకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేతరంగున్నది మేలు. మామూలు వెలుగు కూడా మచ్చల్ని ముదురు చేస్తుంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. మందుల్లో మొదట అజెలాయిక్ యాసిడ్ పేరు చెప్పింది. మొటిమకూ మచ్చకూ రెండింటికీ పనిచేస్తుంది. ట్రెటినోయిన్ లాంటి రెటినాయిడ్లు గర్భం ఆలోచన ఉన్నవాళ్లకు పనికిరావు. స్టెరాయిడ్ ఎలా మానాలో జీపీని, అంటే కుటుంబ వైద్యుణ్ని, కలిసి అడగమని చీటీ రాసిచ్చింది. ఆ అమ్మాయి వెళ్లే ముందు, "అమ్మకి ఏం చెప్పను?" అని అడిగింది.

పిల్లల్ని చదువులకు పంపే తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. పెట్టె సర్దేటప్పుడు ఆవకాయ పెట్టండి, పొడులు పెట్టండి. ముఖం తెల్లబరిచే ట్యూబు మాత్రం పెట్టకండి. ఇప్పటికే పంపి ఉంటే ఇవాళే ఫోన్ చేసి, దాన్ని డాక్టరుకు చూపించమనండి.