మా గుంటడూ పిల్లాడే

మా వేపు మగపిల్లాణ్ణి గుంటడు అంటారు. 2007 వేసవిలో మా అమ్మ ఒక పోలీస్‌స్టేషన్ మెట్ల మీద కూర్చుని రెండు రాత్రులు ఆ మాటే అంది. "గుంటడు బావూ, ఒగ్గీండి బావూ!" లోపల నా తమ్ముడున్నాడు. వాడికి పధ్నాలుగేళ్లు.

మాది భోగాపురం దగ్గర మాలపేట. ఊరి రైతుల తోటల్లో జీడిపిక్కలు ఏరడం, కొబ్బరికాయలు మొయ్యడం మావాళ్ల పని. ఒక తోటలో మోటారు పోయింది. సెలవులంతా అమ్మ వెంట అక్కడ పిక్కలేరింది తమ్ముడు కాబట్టి దొంగ వాడేనన్నారు. రైతుగారి కొడుకుదీ అదే వయసు. అతనూ ఆ తోటలోనే తిరిగేవాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అతను చినబాబు. మావాడు దొంగెదవ. మూడోరోజు మోటారు ఇంకోచోట దొరికింది. తమ్ముణ్ణి వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. వీపు మీద వాతలు మాత్రం మిగిలాయి. బడి తెరిచాక రెండు రోజులు వెళ్లి మానేశాడు. "అందరూ నా కేసే సూత్తన్నారప్పా" అన్నాడు.

అప్పుడు నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా ఇంట్లో పది దాటింది నేనొక్కదాన్నే. అయినా ఆ స్టేషన్ గుమ్మం దగ్గర నాకేం మాట్లాడాలో తెలీలేదు.

డిగ్రీ అయ్యాక ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్‌వర్క్‌లో చేరాను. అక్కడే జువెనైల్ జస్టిస్ చట్టం మొదటిసారి చదివాను. 2000 నాటి చట్టం అది. 2006లో సవరించారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుండాలి. వాళ్లలో ఒకరైనా ఆడమనిషి అయ్యుండాలి. ఆ ఆడమనిషిని నేనవ్వాలనుకున్నాను. తమ్ముణ్ణి పట్టుకెళ్లిన నాటికే ఇదంతా అచ్చులో ఉంది. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఫీల్డువర్క్‌కి పిల్లల హోముకి పంపారు. రిజిస్టరులో తండ్రి వృత్తి అన్న గడి చూసుకుంటూ పోయాను. కూలి, కూలి, రిక్షా, చేపలవేట, కూలి. ఊళ్లో తప్పుచేసే పిల్లలు వీళ్లేనా? మిగతావాళ్ల తప్పుల్ని ఇంట్లోనే సర్దుకుంటారు. 1871లో తెల్లదొరలు కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేశారు. మన ఎరుకలవాళ్లనీ అందులోకి ఎక్కించారు. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోలేదు.

తర్వాత 2015 చట్టం వచ్చింది. పదహారు నిండినవాళ్లు ఘోరనేరం చేశారంటే, వాళ్ల శరీరం, మనసు ఎంత ఎదిగాయో బోర్డు చూసి, పెద్దవాళ్లలాగే విచారణకి పంపొచ్చంటుంది. నాకు భయం ఇక్కడే. పదేళ్లకే బరువులు మోసిన మా పిల్లల చేతులు చూసి పసివాళ్లని ఎవరంటారు?

ఆ పనిలోకి నేను వెళ్లలేకపోయాను. కూలిడబ్బుతో చదివించిన అమ్మకి నెలజీతం కావాలి. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి టీచరునయ్యాను.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మూడేళ్ల కిందట స్టాఫురూములో ఒక సెల్‌ఫోన్ పోయింది. మధ్యాహ్నం అక్కడ మంచినీళ్లు పెట్టింది ఎనిమిదో తరగతి కుర్రాడు. మా కులంవాడే. ఎవరూ ఏమీ అనకముందే నేను వెళ్లి వాడి సంచీ దులిపాను. పుస్తకాలు, ఒక ఉల్లిపాయ, చిరిగిన చొక్కా పడ్డాయి. సాయంత్రం ఆ ఫోను ఇంకో మేస్టారి స్కూటరు డిక్కీలో దొరికింది.

మర్నాడు కుర్రాడు రాలేదు. వాళ్లింటికెళ్లాను. తల్లి లేచి నిలబడింది. "మా గుంటడు తియ్యనేదమ్మా. నువ్వు మనోలి పిల్లవి గదా, నువ్వూ అలగే అనుకున్నావా?" అంది. ఆ చట్టంలో మొదటి సూత్రమే పిల్లవాణ్ణి నిర్దోషిగా అనుకోమని. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమది. ఆ కుర్రాణ్ణి చెయ్యిపట్టుకుని బడికి తీసుకొచ్చి, తరగతి ముందు తప్పు నాదని ఒప్పుకున్నాను. వాడు తలెత్తలేదు.

తమ్ముడు చెన్నైలో కట్టుబడి పనిలో ఉన్నాడు. సంక్రాంతికి వస్తే చట్టం సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "ఆ రోజు ఈ కాయితం ఎవులి దగ్గరుందప్పా?" అన్నాడు.

లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ప్రశ్న నాకొక్కదానికే కాదు. నేనైతే నెలకోసారి పేట రామమందిరం అరుగు మీద కూర్చుని ఆ చట్టం మా మాటల్లో చదివి చెబుతున్నాను. తల్లులు వస్తున్నారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. 24 గంటలన్న మాట వచ్చినప్పుడల్లా తల దించుకుంటుంది.