నేను కొట్టేసిన అయోనియం

యూసుఫ్‌గూడ బస్తీలో మూడో అంతస్తు అద్దెగదిలో కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలకు ప్రూఫులు దిద్దే రోజులవి. పని అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌ది, పేజీకింతని లెక్క. తెలుగు బాగా వచ్చు, సైన్సు ఇంటర్ దాకా వచ్చు, ఇంకేం కావాలన్న ధీమా. ఒక రాత్రి రేడియోధార్మికత పాఠంలో ఈ వరస కనబడింది: యురేనియం, యురేనియం-ఎక్స్, అయోనియం, రేడియం. రాసినాయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. చెయ్యి వణికి 'అయాన్' కాస్తా 'అయోనియం' అయిందనుకున్నాను. ఎర్ర సిరాతో కొట్టేసి దిద్దాను. తప్పు పట్టుకున్నానన్న సంబరంలో కిందికెళ్లి ఇంకో చాయ్ కూడా తాగాను.

పుస్తకం అచ్చయ్యాక క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగిందట. "అయాన్ అంటే చార్జి ఉన్న పరమాణువే కదా సార్, దాంట్లోంచి రేడియం ఎట్లొస్తది?" సార్ దగ్గర జవాబు లేదు. ప్రశ్న చేతులు మారి మారి నా గదికొచ్చింది.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. బేగంపేట అణుఖనిజాల ఆఫీసులో జియాలజిస్టుగా చేసి రిటైరయ్యారు. దేశమంతా యురేనియం వెతికే ఆ సంస్థకు 1974 నుంచి ప్రధాన కార్యాలయం మన హైదరాబాదే. పొద్దున కృష్ణకాంత్ పార్కులో ఆయన్ను పట్టుకుని పేజీ చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని చదివారు.

"ఎవరు దిద్దారిది?"

"నేనేనండీ."

"మాస్టారు రాసిందే నిజం బాబూ. పాత నిజం."

ఆ తర్వాత రెండు చుట్లు నడిచేంతసేపు చెప్పారు. అమెరికాలో బోల్ట్‌వుడ్ అనే రసాయన శాస్త్రవేత్త శుద్ధి చేసిన యురేనియం ద్రావణాన్ని ఏడాదికి పైగా అట్టే పెట్టి చూశాడు. యురేనియం నుంచి రేడియం పుడుతుందన్నది నిజమైతే అందులో కాస్తయినా తేలాలి కదా. తేలలేదు. అంటే నడుమ ఎవరో అడ్డం కూర్చున్నారు. 1907లో ఆ పదార్థాన్ని పట్టుకుని, గాలిని అయనీకరించే గుణాన్ని బట్టి అయోనియం అన్నాడు. దాని అర్ధాయువు దాదాపు 75 వేల ఏళ్లు. అంత నింపాదిగా కరిగేది నడుమ ఉంటే ఏడాదిలో రేడియం ఎక్కడ కనబడుతుంది?

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అయోనియాన్ని థోరియంతో కలిపితే మళ్లీ విడదీయడం ఎవరివల్లా కాలేదు. 1912లో మాంచెస్టర్‌లో వర్ణపటం తీసి చూస్తే థోరియం గీతలే తప్ప కొత్త గీత ఒక్కటీ లేదు. 1913లో సాడీ అనే రసాయన శాస్త్రవేత్త ఐసోటోపుల సంగతి తేల్చాడు, అంటే ఒకే మూలకం వేరువేరు బరువుల్లో ఉండొచ్చని. ఐసోటోప్ అన్న మాటను ఆయనకు అందించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ. అప్పుడు తెలిసింది, అయోనియం వేరే మూలకం కాదని. అది థోరియమే, బరువు 230. యురేనియం-ఎక్స్‌లో ప్రధానమైన భాగమూ థోరియమే, బరువు 234. వేరువేరు మనుషులనుకుని పేర్లు పెట్టారు, తీరా చూస్తే ఒకే ఇంటివాళ్లు.

"మరి పేరు పోయినట్టేనా?" అన్నాను.

"కాగితం మీద పోయింది. పని పోలేదు," అన్నారు. ఆయన మాట ఎంత నిజమో ఈమధ్య తెలిసింది. కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహలో నీటిబొట్లు పేర్చిన సున్నపురాతికి యురేనియం-థోరియం పద్ధతిలో వయసు కట్టి, 15 వేల ఏళ్ల కిందటి వానల సంగతి చెప్పారు శాస్త్రవేత్తలు. నీళ్లలో యురేనియం కరుగుతుంది, థోరియం కరగదు. కాబట్టి రాతిలో ఉన్న థోరియం-230 చాలామటుకు అక్కడే పుట్టింది. అదే గడియారం. అంటే బోల్ట్‌వుడ్‌ను విసిగించిన ఆ నింపాదితనమే ఇక్కడ పనికొచ్చింది.

ఆ రోజు పార్కు నుంచి వస్తూ ఆటో ఎక్కి "నిసియట్ దగ్గర ఆపు" అన్నాను అలవాటుగా. 1962లో ఢిల్లీ నుంచి సియట్‌గా వచ్చి, 1984లో నిసియటై, 2007లో మళ్లీ పేరు మారిన సంస్థ అది. ఆటో అతను ఏ పేరని అడగలేదు. సరిగ్గా గేటు ముందే ఆపాడు.

మాస్టారికి ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. తిడితే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. "చూశాను నాయనా," అన్నారు. "మాది పాత చదువు కదా, ఇప్పుడు పేరు మార్చారేమో అనుకుని ఊరుకున్నా." నా తెలియనితనం ఆయన కంటికి కొత్త సైన్సులా కనబడింది. ఎర్ర సిరా మరి.

తర్వాతి ముద్రణలో 'థోరియం-230 (పాత పేరు అయోనియం)' అని వేయించాను. అనుమానం వచ్చిన చోట ఇప్పుడు ముందు పెన్సిల్‌తో ప్రశ్నగుర్తు పెడతాను. పేజీ లెక్కన చూస్తే గిట్టుబాటు కాదు.

మొన్న మైత్రీవనం పక్కన ఫుట్‌పాత్ మీద జిరాక్స్ పుస్తకాలు తిరగేస్తుంటే ఆ పాఠం దొరికింది. మొదటి ముద్రణే. యురేనియం, యురేనియం-ఎక్స్, అయాన్, రేడియం. బేరమాడకుండా కొన్నాను. షాపతను డబ్బులు జేబులో వేసుకుని, కింది కట్టలోంచి అదే పుస్తకం ఇంకోటి తీసి ఖాళీ అయిన చోట పెట్టాడు.